గడప గడపకూ ఒక ఎర్ర మూట

మా నాయనకు కడపలో పసుపు, ఎండుమిరపకాయల అంగడి ఉండేది. ఒంటిమిట్ట తిరునాళ్ళకు పోతూ నీళ్ళు తాగడానికి ఆగినవాళ్ళ చేత కూడా ఆయన పసుపు కొనిపించేవాడు. "దేవుని కాడికి పోతాండారు, చేతిలో పసుపు లేకుండా ఎట్ల పోతారప్పా" అని అడిగితే ఎవరికీ జవాబు తట్టేది కాదు. మా అన్నదీ అదే నోరు, మా చిన్నాయనదీ అదే నోరు. నోరే పెట్టుబడిగా బతికిన ఇల్లు మాది. ఆ ఇంట్లో నేను పుట్టాను. ఫోను మోగితే అది ఆగేదాకా చూస్తూ కూర్చుని, ఆ తర్వాత "చూసుకోలేదు" అని మెసేజ్ పెట్టే రకం. చిన్నప్పుడు ఎప్పుడైనా నన్ను అంగట్లో కూర్చోబెడితే, కొనడానికి వచ్చినవాళ్ళు నా ముఖం చూసి కూడా "ఎవరూ లేరా" అని లోపలికి కేకేసేవాళ్ళు.

దాన్ని అందరూ సిగ్గు అంటారు. కాదు. కోపం వస్తే మా ఆయన చెవులు చిల్లులు పడేలా అరుస్తాను. నచ్చిన మనిషి దొరికితే పొద్దు తెలియకుండా మాట్లాడతాను. పదిమంది ముందర మాత్రం మాట గొంతు దాకా వచ్చి అక్కడే కూర్చుంటుంది. ఎంత తోసినా కదలదు. ఆ తర్వాత ఇంటికి వచ్చి, ఏం చెప్పి ఉండాల్సిందో అంతా గోడలకు చెప్పుకుంటాను. గోడల దగ్గర నన్ను మించిన మాటకారి లేదు.

పెళ్ళయి కర్నూలుకు వచ్చాక నా మౌనం వల్ల చాలా ఏళ్ళు ఎవరికీ ఇబ్బంది కలగలేదు. మా ఆయన విత్తనాల అంగట్లో పని చేస్తాడు. పొద్దున లేస్తే వీధిలో కుక్కను కూడా పలకరించకుండా పోడు. ఆయన మాట్లాడితే ఇద్దరం మాట్లాడినట్టేనని జనం సరిపెట్టుకున్నారు. ఊరి చివర కొత్తగా లేచిన కాలనీలో మా వీధి. ముప్పై ఇళ్ళకు పైనే ఉంటాయి. అందులో సగం ఒకే ఓనరువి. పొలాలు అమ్మి, వరసగా పోర్షన్లు కట్టి అద్దెకిచ్చిన ఆసామి. మేము ఆయన ఇంటి పక్క మేడ మీద ఉండేవాళ్ళం. ఇప్పటికీ అక్కడే ఉన్నాం.

పిల్లలిద్దరూ బడికి పోతున్నాక ఇంట్లో ఖాళీగా కూర్చోలేక కారం, పసుపు ఆడించడం మొదలుపెట్టాను. నాయన అంగడి నుంచి పసుపు కొమ్ములు తెప్పించుకున్నాను. మిరపకాయలు ఇక్కడే కొని, మేడ మీద ఎండబెట్టి, తొడిమ తీసి, చిన్న కరెంటు మిషన్లో వేసేదాన్ని. సరుకు విషయంలో నాకు పొగరు ఉంది, దాచుకోను. మచ్చ ఉన్న కాయ నా మిషను చూడదు. నా కారం రంగు చూసి మా ఆయనే "రంగు కలిపినావా ఏంది" అన్నాడు. రెండు రోజులు ఆయనతో మాట్లాడలేదు.

సరుకు సిద్ధంగా ఉంది. కొనేవాళ్ళు లేరు. ఎట్లా ఉంటారు, నేను అమ్ముతున్నానని ఎవరికైనా తెలిస్తే కదా. ఫోన్లో స్టేటస్ పెట్టాను.  ఎవరెవరు చూస్తారో, చూసి ఏమనుకుంటారో అని సెట్టింగుల్లోకి పోయి ఒక్కొక్కరి పేరే తీసేశాను. చివరికి నా ప్రకటన చూడడానికి మా ఆయన, మా అన్న మిగిలారు. ఇద్దరికీ కారం ఊరికే పోతుంది.

మా ఆయన ఒకటే మాట పట్టుకున్నాడు. "కుంకుమ బరిణె తీస్కొని ఇంటింటికీ పో. బొట్టు పెట్టి, కారం ఆడిస్తాండాము, తీస్కోండి అని చెప్పు. పెండ్లికి పిలుచ్చారు గదా, అట్లనే."

ఆయన చెప్పింది తప్పు కాదు. మా వైపు ఏ మంచి పని మొదలుపెట్టినా ఇంటి ఆడది గడప గడపకూ పోయి, ఆ ఇంటి ఆడవాళ్ళకు బొట్టు పెట్టి పిలవాలి. పిలవకపోతే రారు. రాకపోవడమే కాదు, "బొట్టు పెట్టి పిల్చలేదు" అని ఏళ్ళ తరబడి మనసులో పెట్టుకుంటారు. కానీ ముప్పై గడపలు. ప్రతి గడప దగ్గరా "రామ్మా, కూర్చో, కాఫీ తాగు, మీ సొంతూరు యాడ" అనే ప్రశ్నలు. తలచుకుంటేనే నాకు ఒళ్ళు వెచ్చబడింది. ఒకరోజు బరిణె పట్టుకుని మెట్లు దిగాను కూడా. ఎదురింటామె తలుపు తీసి బయటికి వస్తూ కనబడింది. చెప్పులు మరిచిపోయినట్టు నటించి వెనక్కి ఎక్కేశాను. కాళ్ళకు చెప్పులు ఉన్నాయి.

ఫోన్లో వ్యాపార పాఠాలు చెప్పే వీడియోలు చూడడం అప్పుడే అలవాటైంది. అందరూ ఒకటే పోరు: బయటికి రండి, పరిచయాలు పెంచుకోండి, మీ కథ చెప్పండి. నాకు ఒళ్ళు మండేది. నోరున్నవాడికి నువ్వు చెప్పేదేముంది, నోరు లేనివాళ్ళకు చెప్పు. అట్లా తిట్టుకుంటూ చూస్తుండగా ఒకాయన, మాట్లాడడం ఇష్టం లేనివాళ్ళు శాంపిళ్ళు పంచండి, మీ బదులు మీ సరుకే మాట్లాడుతుంది అన్నాడు. ఆ ముక్క నాలుగుసార్లు వెనక్కి తిప్పి విన్నాను. నా కోసమే ఎవరో పుట్టినట్టు అనిపించింది.

ఇక చూడండి నా తెలివి. ప్లాస్టిక్ కవర్లో ఇస్తే చవకబారుగా ఉంటుందని, తూకానికి గుడ్డ ముక్కలు అమ్మే అంగట్లో ఎర్ర గుడ్డ కొన్నాను. చిన్న చిన్న చదరాలుగా కత్తిరించాను. ఒక్కో దాంట్లో ఒక కారం పొట్లం, ఒక పసుపు పొట్లం పెట్టాను. అసలు సరుకు ఎంత నాణ్యమైనదో తెలియాలి కదా అని ఒక మంచి ఎండుమిరపకాయ, ఒక పసుపు కొమ్ము కూడా పెట్టాను. మూట కట్టి, మంగళకరంగా ఉంటుందని దారానికి పసుపు రాశాను. మూట లోపల ఒక చీటీ. "ఇంట్లో ఆడించిన కారం, పసుపు. వాడి చూడండి. కావాలంటే మెసేజ్ పెట్టండి. దయచేసి ఫోన్ చేయకండి." కింద నా నంబరు, ఓనరు ఇంటి పక్క మేడ మీద అని గుర్తు. చీటీ బయట కనబడేలా కట్టొచ్చు కదా అంటారేమో. బయట ఉంటే గాలికి పోతుందని లోపల పెట్టాను. నిజం చెప్పాలంటే, బయట నా నంబరు అందరికీ కనబడుతుంటే నాకు ఒంటి మీద బట్ట లేనట్టు ఉండింది.

ఇక ఎప్పుడు పంచాలి? ఎవరూ లేవక ముందు పంచాలి. ఆదివారం అయితే వీధి ఆలస్యంగా లేస్తుంది. అంతవరకే ఆలోచించాను. ఆదివారం తెల్లవారుజామున, పాల ప్యాకెట్లు వేసే బండి వచ్చిపోయాక, బుట్ట చంకన పెట్టుకుని వీధి ఈ చివర నుంచి ఆ చివరకు గడప గడప ముందూ ఒక ఎర్ర మూట పెట్టుకుంటూ పోయాను. గేటు వేసి ఉన్నచోట గేటు కింద నుంచి తోశాను. ఒక్కరు కూడా ఎదురు కాలేదు. ఒక్క మాట కూడా మాట్లాడలేదు. మేడ ఎక్కి వచ్చి, జీవితంలో మొదటిసారి మా నాయన కూతురిని అనిపించుకున్నానని పొంగిపోతూ మళ్ళీ పడుకున్నాను.

అరుపులకు మెలకువ వచ్చింది.

ముందు ఎవరో పోయారేమో అనుకున్నాను. కిటికీలోంచి చూస్తే వీధంతా బయటే ఉంది. ఆడవాళ్ళు పిల్లల్ని చంకనేసుకుని గోడలకు ఆనుకుని నిలబడ్డారు. ఎదురింటామె తన గడపకు బారెడు దూరంలో నిలబడి నెత్తి కొట్టుకుంటోంది. ఒకతను కర్ర కొసతో ఏదో ఎర్రటిదాన్ని రోడ్డు మీదికి తోస్తున్నాడు. అది నా మూట. నేను కట్టిన ముడి అంత దూరం నుంచి కూడా గుర్తుపట్టాను.

కిందికి దిగాను. మెట్ల మీదనే ఎదురింటామె గొంతు వినబడింది. "ఆదివారం అమాస నాడు, చూసి చూసి ఎవరో మన గడపల ముందర చేసినారు. ఎర్రగుడ్డ, పసుపుదారం. ఇంగేం మిగిల్చినారు."

ఆదివారం అమావాస్య. అక్కడే, మూడో మెట్టు మీద నేను నిలువునా నీరైపోయాను. పసుపు అంగడి ఇంట్లో పుట్టినదాన్ని. మా నాయన అమావాస్య నాడు నిమ్మకాయలు, మిరపకాయలు కట్టకుండా అంగడి తెరిచేవాడు కాదు. క్యాలెండరు చూడకుండా చీపురు కూడా కొనని ఇల్లు మాది. ఎవరూ కనబడకూడదనే ఒక్క ధ్యాసలో పడి, నేను వారం చూసుకున్నాను గానీ తిథి చూడలేదు. ఎర్రగుడ్డ, పసుపుదారం, మిరపకాయ, పసుపు కొమ్ము, గడప, అమావాస్య. చేతబడి చెయ్యాలని కూర్చుని చేసినా ఇంతకంటే పక్కాగా కుదరదు. నేను ముప్పైకి పైగా ఇళ్ళకు చేశాను.

విప్పి చూడండి, లోపల చీటీ ఉంది. ఆ మాట నా గొంతు దాకా వచ్చింది. అక్కడే ఆగింది.

విప్పడం కాదు కదా, ఎవరూ వేలు కూడా పెట్టడం లేదు. మూటలన్నీ కర్రలతో రోడ్డు మధ్యకు తోశారు. బండిలోంచి పెట్రోలు తీసి పోశారు. అంటించారు. నేను నెలరోజులు తొడిమలు తీసి, ఎండబెట్టి, ఆడించిన కారం కళ్ళ ముందర కాలింది. కాలితే ఊరుకుంటుందా. వీధంతా ఒక్కసారిగా దగ్గు. తుమ్ములు. కళ్ళలో నీళ్ళు. పిల్లల ఏడుపు. "చూస్తాండారా, ఆ పొగ చూస్తాండారా, మామూలుది కాదు ఇది" అంటూ ఓనరు తువ్వాలు ముక్కుకు అడ్డం పెట్టుకున్నాడు. అంత భయంలో కూడా నాలో ఒక మూల, చూడండి నా పొగరు, ఘాటు చూశారా, కల్తీ సరుకైతే ఇంత ఘాటు వస్తుందా అనిపించింది. ఆ ఆలోచనకు నాకే అసహ్యం వేసింది.

అప్పుడే ఎదురింటామె నా వైపు తిరిగింది. "ఏమ్మా, మీ గడప కాడ గూడా పెట్టినారా?"

మా గడప ముందు ఏమీ లేదు. నా ఇంటికి నేను శాంపిల్ పెట్టుకోను కదా. లేదు అంటే ఎందుకు లేదు అంటారు. నేను తల ఊపాను. ఉంది అన్నట్టు. నోరు తెరవలేదు, తల ఊపాను అంతే. నా బతుకులో అంత సులభంగా ఇచ్చిన జవాబు ఇంకొకటి లేదు.

ఆ తల ఊపుడు ఏం చేస్తుందో నాకు తెలియదు. రెండు నిమిషాల్లో తెలిసింది. ఎవరి ఇంటి ముందు ఉంది, ఎవరి ఇంటి ముందు లేదు అని లెక్క మొదలుపెట్టారు. వీధిలో ఒక్క గడప దగ్గరే మూట లేదు. వీధి చివర ఒంటి గదిలో ఉండే ఆయమ్మ గడప. అక్కడ కూడా నేను పెట్టాను, ఏమైందో తెలియలేదు.

ఆమె పెద్దాసుపత్రిలో ఆయా. రాత్రి డ్యూటీలు. తెల్లవారుజామున ఆటో దిగి, సందు చివర నుంచి నడిచి వచ్చి, తలుపేసుకుని పడుకునేది. యాభై ఐదేళ్ళు ఉంటాయి. భర్త లేడు, పిల్లలు లేరు. కోడుమూరు దగ్గర పల్లెలో చెల్లెలు ఉందని చెప్పుకునేవాళ్ళు. ఎవరితోనూ మాట్లాడేది కాదు. నేనూ మాట్లాడేదాన్ని కాదు. నన్ను మాత్రం వీధిలో "పాపం, నెమ్మదస్తురాలు" అనేవాళ్ళు. పక్కన వాగుడుకాయ మొగుడు, ముందర ఇద్దరు పిల్లలు ఉన్నారు కాబట్టి నాది నెమ్మది. ఆమెకు ఎవరూ లేరు కాబట్టి ఆమెది ఇంకేదో.

"తెల్లారుజామున తిరిగేది ఆమె ఒక్కతే గదా" అన్నారు ఎవరో.

"ఆస్పత్రిలో శవాల కాడ పని. ఏం తెచ్చిందో ఏం పాడో" అంది ఎదురింటామె.

"తొమ్మిదేండ్లయ్యింది, ఒగరింటికి పోదు, ఒగరిని రానీదు. నాకు మొదట్నుంచీ అనుమానమే" అన్నాడు ఓనరు. మొదటి నుంచీ అనుమానమున్న మనిషి తొమ్మిదేళ్ళు ఇల్లు ఎందుకిచ్చాడని అడగాలనిపించింది.  నోరు లేవలేదు.

తలుపు కొట్టి ఆమెను బయటికి పిలిచారు. నిద్రలోంచి లేచి వచ్చింది. జుట్టు ముడి వేసుకుంటూ గడపలో నిలబడింది. ఇరవై మంది ఒకేసారి అడుగుతున్నారు. నేను గుంపులో మూడో వరసలో ఉన్నాను. ఆమె అందరినీ చూసింది. తర్వాత ఒకే మాట చెప్పింది. "నేను చెయ్యలేదు."

"మరి నీ గడప కాడ ఏంటికి లేదు?" అన్నాడు ఓనరు.

ఆమె జుట్టు ముడి బిగించుకుంది.

"నోరు తెరిసి చెప్పు."

ఆమె తెరవలేదు. నాకు ఆ మౌనం బాగా తెలుసు. నా సొంత మౌనం లాంటిదే అనుకున్నాను. మాట గొంతులో ఇరుక్కుని ఉంటుంది పాపం అనుకున్నాను. అంత తెలిసీ అక్కడే నిలబడ్డాను.

"ఈ పొద్దే గది ఖాళీ చెయ్యి. మాకు చంటిపిల్లలు ఉండారు" అని ఓనరు చెప్పేశాడు. గుంపు కదిలింది. నేనూ గుంపుతోపాటు కదిలాను.

ఇంటికి వచ్చి మా ఆయనను లేపాను. ఆదివారం ఆయనను లేపడం మామూలు పని కాదు. కారం పొగకు కూడా దుప్పటి ముసుగు పెట్టుకుని పడుకున్న మనిషి. జరిగింది చెప్తే ముందు నవ్వాడు. ఆయమ్మ సంగతి చెప్పాక నవ్వు ఆగిపోయింది.

"నువ్వేంటికి తల ఊపినావు?"

"తెలీదు."

"పోయి చెప్పు మరి."

"నువ్వు చెప్పు. నీకు మాట్లాడడం వస్తాది గదా."

ఆయన కాసేపు ఆలోచించాడు. ఎప్పుడూ ఆలోచించని మనిషి ఆలోచించడం చూసి నాకు భయం వేసింది. "ఇప్పుడు చెప్తే ఏమైతాదో తెలుసా? మనల్నే ఖాళీ చేపిస్తారు. రేపట్నుంచి నీ కారం ఎవురు కొంటారు? చేతబడి కారం అంటారు. సాయంత్రానికి చల్లబడతారు లే, ఊరుకో. ఆయమ్మను ఎవురూ తరుమరు. ఊరికే అంటారు."

ఊరికే అంటారనే మాట నేను గట్టిగా పట్టుకున్నాను. కావాల్సింది అదే కదా. మధ్యాహ్నం దాకా ఆ మాటను వదల్లేదు. అన్నం వండాను. పప్పులో ఉప్పు రెండుసార్లు వేశాను. వీధి గ్రూపులో పెడదామని ఫోను తీసి టైపు చేశాను. "అందరికీ నమస్కారం. ఈ ఉదయం జరిగినదానికి కారణం..." అక్కడ ఆగి, "కారణం" తర్వాత ఏం రాయాలో తెలియక చెరిపేశాను. మళ్ళీ రాశాను. మళ్ళీ చెరిపాను. చూస్తుండగానే గ్రూపులో ఎదురింటామె, పంతులుగారు వస్తున్నారు, అందరూ గడప కడుక్కోండి అని పెట్టింది. దాని కింద ఒకరి తర్వాత ఒకరు చేతులు జోడించిన బొమ్మలు పెట్టారు. నా వేలు కూడా ఆ బొమ్మ మీదికి పోయింది. పెట్టలేదు. ఆ ఒక్కటీ చెయ్యలేదని ఇప్పటికీ నాకు నేను చెప్పుకుంటాను. అదేదో ఘనకార్యం అయినట్టు.

నాలుగు గంటలప్పుడు సామాన్ల ఆటో వచ్చిన చప్పుడు విన్నాను. ఊరికే అనలేదు.

వీధి చివరకు ఎట్లా నడిచానో నాకు గుర్తు లేదు. ఆమె గది తలుపు తెరిచే ఉంది. ఒక ఇనుప పెట్టె, చుట్టిన పరుపు, స్టవ్వు, నాలుగు గిన్నెలు. తొమ్మిదేళ్ళ కాపురం అంతే. ఆమె నేల మీద కూర్చుని గిన్నెలు గోతం సంచిలో సర్దుతోంది. నన్ను చూసి ఆశ్చర్యపోలేదు.

"పెద్దమ్మా" అన్నాను. ఆ తర్వాత మాట రాలేదు. నిలబడ్డాను. ఆమె కూర్చోమనలేదు, పొమ్మనలేదు. చివరికి, "పొద్దున... ఆ మూటలు..." అన్నాను.

"నీవే గదా. తెలుసు" అంది.

నాకు అర్థం కాలేదు. ఆమె సంచిలో చెయ్యి పెట్టి ఒక స్టీలు డబ్బా తీసి మూత తెరిచి చూపించింది. నా కారం. పక్కనే మడిచి పెట్టిన ఎర్ర గుడ్డ.

"డ్యూటీ నుంచి వచ్చేసరికి గడప కాడ ఉండె. ఏందో అని విప్పి చూసినా. చీటీ ఉండె. చదివినా. ఆకలైతాంటే రాత్రి సద్దిలో ఇంత కలుపుకొని తిన్యా. బాగుండాది నీ కారం" అంది.

 గడప మీద కూలబడ్డాను. ఈమెకు తెలుసు. అంతమంది నిలబెట్టి అడుగుతున్నప్పుడు, చీటీ ఇంట్లో పెట్టుకుని, నేను మూడో వరసలో నిలబడి ఉండడం చూస్తూ, ఈమెకు తెలుసు.

"తెలిసి... ఎందుకు చెప్పలేదు పెద్దమ్మా?"

"ఏమని చెప్పల్ల? మూటలో ఏముండాదో నీకెట్ల తెలుసు అంటారు. మూట విప్పింది నేనొగదాన్నే గదా. ఎవురూ ముట్టుకోనిదాన్ని నువ్వేంటికి ముట్టుకుంటివి అంటారు. చీటీ చూపిస్తే అది నేనే రాసినానంటారు." గిన్నె మీద గిన్నె పెట్టింది. "అయినా నువ్వు ఆడనే ఉంటివి గదా. నువ్వే చెప్తావనుకుంటి."

ఆమె కోపంగా అనలేదు. ఆస్పత్రిలో ఏ వార్డుకు ఎటు పోవాలో అడిగినవాళ్ళకు చెప్పినట్టు చెప్పింది. తిట్టి ఉంటే నాకు ఏడుపు వచ్చేది. తిట్టకపోయేసరికి ఏడుపు కూడా రాలేదు. నా మౌనం, ఆమె మౌనం ఒకటే అనుకున్నాను పొద్దున. ఎంత సిగ్గులేని ఆలోచన. ఆమె ఊరుకున్నది ఏం చెప్పినా నమ్మరని. నేను ఊరుకున్నది చెప్తే నమ్ముతారని.

లేచి బయటికి వచ్చాను. ఇంటికి పరిగెత్తి, మిగిలిపోయిన మూట ఒకటి తీసుకుని ఓనరు గేటు దగ్గరికి పోయాను. పంతులుగారి కోసం వీధంతా అక్కడే ఉంది. ఎదురింటామె నా చేతిలో మూట చూసి వెనక్కి అడుగేసింది.

"అవి నావి" అన్నాను. గొంతు కీచుగా, ఎవరిదో లాగా వచ్చింది. ఎవరికీ వినబడలేదు. మళ్ళీ అన్నాను. "ఆ మూటలు నేను పెట్టినాను. ఆయమ్మ కాదు. నేను."

వీధి మొత్తం నా వైపు తిరిగింది. నేను భయపడుతూ వచ్చింది అదే, ఇన్నేళ్ళూ. అన్ని కళ్ళు ఒక్కసారిగా నా మీద. దారం తెంపి, గుడ్డ విప్పి, కారం పొట్లం చించి, ఒక చిటికెడు నాలుక మీద వేసుకున్నాను. "కారం. నేను ఆడించిన కారం. శాంపిలు. అమ్ముదామని పంచినాను. లోపల చీటీ ఉండాది. ఇంటింటికీ వచ్చి చెప్పడానికి నోరు రాక గడప కాడ పెట్టినాను. అమాస అని చూసుకోలేదు. మా గడప కాడ మూట లేదు. నేను అబద్ధం చెప్పినాను."

ఉత్త కారం తిన్నందుకు కళ్ళలోంచి, ముక్కులోంచి నీళ్ళు కారుతున్నాయి. ఓనరు చీటీ తీసుకుని, చెయ్యి దూరంగా చాపి, పైకి చదివాడు. "దయచేసి ఫోన్ చేయకండి" దగ్గరికి వచ్చేసరికి ఆయన గొంతు మారింది. ముందు ఒకరు నవ్వారు. తర్వాత ఇంకొకరు. తర్వాత వీధి వీధంతా పొట్ట పట్టుకుని నవ్వింది. "చేతబడి కాదమ్మో, చేతి కారం" అని ఎవరో అన్నారు. ఎదురింటామె నా భుజం మీద కొట్టి కొట్టి నవ్వింది. "ఏమ్మా, మాతో చెప్పేదానికి ఏం రోగం నీకు, మేము కరుస్తామా?"

తిడతారు, ఇల్లు ఖాళీ చేయిస్తారు అనుకున్నాను. నవ్వారు.  ఇంత సులభమా? పొద్దున గుంపులో ఉన్నప్పుడు ఇదే ముక్క చెప్పి ఉంటే, పొద్దునే ఇట్లాగే నవ్వేవాళ్ళా?

ఆయమ్మ ఆటో అప్పటికి గేటు దాకా వచ్చింది. ముందు సీట్లో డ్రైవరు పక్కన ఇనుప పెట్టె ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఓనరు చెయ్యెత్తి ఆపాడు. నవ్వు ఇంకా ముఖం మీదే ఉంది. "ఏమ్మా, యాడికి పోతాండావు, దిగు. ఈ పిల్ల చేసిన పని ఇది. ఏదో పొరపాటాయె. ఉండు నీ గదిలో."

ఆమె దిగలేదు. "ఆమె చెప్పింది, నవ్వినారు. మంచిదే" అంది. "పొద్దున నేను చెయ్యలేదంటే ఒగరు గూడా నమ్మలేదు. తొమ్మిదేండ్లు ఈ వీధిలోనే ఉంటి. మీ ఇండ్లల్లో రెండు కాన్పులు నా చేతుల మీద అయినాయి. ఆమె అట్లాంటిది కాదప్పా అని ఒగరన్నా అంటారని చూస్తి. ఒగరంటే ఒగరు."

 ఎదురింటామె చంకలో ఉన్న మనవరాలిని ఈ చంక నుంచి ఆ చంకకు మార్చుకుంది.

"పోనీప్పా" అని ఆమె డ్రైవరుతో అంది. ఆటో కదిలింది. నేను దాని వెనక నాలుగు అడుగులు వేసి ఆగాను. పిలవాలి. క్షమించు అని అనాలి. ఆ వీధిలో అందరికీ చెప్పాను, ఆమెకు చెప్పలేదు. గదిలో అంతసేపు కూర్చుని కూడా ఆ మాట అనలేదు. గొంతు దాకా వచ్చింది. ఆటో పోతూనే ఉంది.

అది మలుపు ఇంకా తిరగలేదు. ఎదురింటామె నా పక్కకు వచ్చి నిలబడింది.

"అది సరే గానీ, కిలో ఎంతకిస్తావు?" అని అడిగింది.

చెప్పాను. గొంతు వణకలేదు.